సుద్ద గీత లోపలి వైపు

ఫిబ్రవరి 2

కత్తెరత్తా,

నీ మేనకోడలు ఒక చెట్టు కొంది. పెరట్లో నాటేది కాదు, బల్ల మీద పెట్టుకునేది. బోన్సాయ్ అంటారు కదా, అది. ఎల్మ్ అనే జాతి. కుండీతో సహా కొలిస్తే నా మోచేతి నుంచి నడిమి వేలి చివరి దాకా ఉంటుంది. వయసు మాత్రం నలభై రెండు. నాకంటే పదకొండేళ్ళు పెద్దది, వరస కలిపితే అక్కా అని పిలవాలి.

నేను వెళ్ళింది నేల తుడిచే బకెట్ కోసం. పక్కన నర్సరీ ఉంటే ఊరికే తొంగి చూశాను. చలికాలం కాబట్టి ఆకు ఒక్కటి కూడా లేదు. మొదలు దగ్గర వేళ్ళు మట్టిని పట్టుకున్న తీరు, పైకి పోయే కొద్దీ కొమ్మలు రెండై, నాలుగై, చివరికి వెంట్రుకంత సన్నబడిపోవడం చూసి కాళ్ళు కదల్లేదత్తా. రోజుకి నలభై ఎక్స్‌రేలు తీసేదాన్ని, లోపలి ఎముకలు చూసి చూసి మొద్దుబారిపోయానని అనుకున్నాను. ఆ చెట్టునైతే కొమ్మ కొమ్మా వేలితో వెంబడించి చూశాను. బకెట్ మర్చిపోయి వచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. చెట్టుకి అటూ ఇటూ ఒకే ఎత్తులో రెండు కొమ్మలున్నాయి, చేతులు చాపి నిలబడ్డట్టు. రెండూ వేలి మందమే. "ఒకటి తీసెయ్యాలమ్మా. రెండూ ఉంటే ఆ చోట మొదలు ఉబ్బిపోయి పాడవుద్ది. ఏది తీస్తావో అది నీ ఇష్టం. ఇంకో నలభై ఏళ్ళు చెట్టు నువ్వు చెప్పినట్టే ఉంటది" అన్నాడు నర్సరీ పెద్దాయన. చిగుళ్ళు విచ్చే లోపు తీసెయ్యాలట. అంటే మార్చి మొదటి వారం లోపు.

నలభై ఏళ్ళ మాట విన్నప్పటి నుంచీ నాకు చెయ్యి ఆడటం లేదు. ఆదివారం మధ్యాహ్నం పరదాలు లాగి, చెట్టు ముందు దీపం పెట్టి, వెనక గోడకి కాగితం అంటించి, పడిన నీడ పడినట్టే గీశాను. అసలు సైజే. పంపిస్తున్నాను. ముప్పై ఏళ్ళు కటింగ్ మాస్టరువి, నువ్వే చెప్పు.

మీ కుట్టు కేంద్రం ఓనరమ్మ నిన్ను మళ్ళీ కటింగ్ బల్ల దగ్గరికి రమ్మందని నాన్న చెప్పాడు. ఏమన్నావు?

నీ పిడుగు

ఫిబ్రవరి 10

ఏమే పిడుగా,

బకెట్ కొనుక్కున్నావా లేదా? ముందు ఆ గది ఊడ్చి తుడుచుకో, చెట్ల సంగతి తర్వాత.

ఉత్తరం రాసినందుకు మాత్రం మెచ్చుకున్నాను. ఫోన్‌లో నీ మాట సగం, నీ వీధిలో హారన్ల మోత సగం. కాగితం మీదైతే మొత్తం నువ్వే ఉంటావు.

మీ నాన్న నోట్లో నువ్వు గింజ నానదు. ఓనరమ్మ రమ్మన్న మాట నిజమే. మార్చి నెలాఖరులోగా వస్తానో రానో తేల్చమంది, లేకపోతే బల్ల ఇంకొకరికి ఇవ్వాలట. నా జవాబు నీకు తెలుసు. పోయిన వానాకాలంలో కుడికన్ను పోయాక చదువుతున్నాను, రాస్తున్నాను, తిప్పలు పడి సూదిలో దారం ఎక్కిస్తున్నాను. కత్తెర మాత్రం వేరు. ఒంటికన్నుకి లోతు తెలియదు. గుడ్డ ఎక్కడుందో, కత్తెర అంచు ఎక్కడుందో అందదు. ఇరవై పొరలు పేర్చి స్కూలు చొక్కాలు కోస్తూ గీత దాటి రెండు వేళ్ళు లోపలికి పోయాను. ఒక్క కోతతో ఇరవై భుజాలు.

ఎవరైనా తిడితే బాగుండేది. అందరూ చుట్టూ చేరి "పర్లేదు మేడం, సర్దుకుందాం" అన్నారు. ఆ సర్దుకుందాం అనే మాట నా చెవిలోంచి ఇంకా పోలేదు. ఇంటికొచ్చి కత్తెర గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. అలాంటి నన్ను పట్టుకుని ఏది కోయాలి అని అడుగుతావు. నీకు బుద్ధి ఉందా?

కాగితం గోడకి గుచ్చాను. పడేయబుద్ధి కాలేదు, అంతే.

కిటికీ ఏ వైపు ఉంది? మొదలు చుట్టుకొలత ఎంత? వెనక ఎలా ఉంటుంది? ఊరికే అడుగుతున్నాను.

నీ మేనత్త

ఫిబ్రవరి 17

కత్తెరత్తా,

ఊరికే అడిగినదానికి ఊరికే జవాబులు.

కిటికీ చెట్టుకి కుడి పక్కన. మొదలు చుట్టుకొలత తొమ్మిదంగుళాలు. నీ పాత టేపుతోనే కొలిచాను, పది తర్వాత అంకెలు చెరిగిపోయిన ఆ పసుపు టేపు. బెరడు అక్కడక్కడా రేకులుగా లేచింది, కింద నారింజ రంగు కనిపిస్తుంది. వేలితో నిమిరితే చల్లగా ఉంటుంది.

వెనక పెద్ద మచ్చ ఉంది. ఎప్పుడో, నేను పుట్టక ముందు, ఎవరో అక్కడ లావుపాటి కొమ్మ నరికారట. నా బొటనవేలు పట్టేంత గుంట. చుట్టూ చెక్క ఉండలా మడత పడి ఏడాదికి కొంచెం చొప్పున గుంట మూసుకుంటూ వస్తోందట. నర్సరీ పెద్దాయన "ఎదటోళ్ళకి కనపడకుండా ఆ పక్క గోడకి తిప్పెయ్యి" అన్నాడు, తిప్పేశాను.

డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండా దాని ముందు కూర్చుంటున్నాను. చేటెడు మట్టిలో, రెండు వేళ్ళ లోతు కుండీలో, నలభై రెండేళ్ళు. ఎన్ని ఎండలు, ఎంతమంది చేతులు. ఇంత చిన్నదాని ముందు నేనే చిన్నదాన్నైపోతున్నాను.

చిగురు మొటిమలు కనిపిస్తున్నాయి. రెండు వారాలే ఉంది. నువ్వు చెప్పకపోతే బొమ్మా బొరుసూ వేసి ఒకటి కోసేస్తాను. అప్పుడు నన్ను అనకు.

నీ పిడుగు

ఫిబ్రవరి 25

పిడుగా,

బొమ్మా బొరుసూ వేస్తే వీపు విమానం మోత మోగిస్తాను.

ఎనిమిది రోజులు నీ కాగితం ముందే కూర్చున్నాను. అన్నం పళ్ళెం కూడా అక్కడికే తెచ్చుకున్నాను. మొదట రెండు చేతులూ ఒకేలా కనిపించాయి. నాలుగో రోజు తేడా తెలిసింది. ఐదో రోజు ఇంకో తేడా. మనిషి ఒంటిమీద బట్ట ఎలా పడుతుందో ముప్పై ఏళ్ళు చూశాను గానీ ఒక ఒళ్ళు తనంతట తాను బరువు ఇలా పంచుకుని నిలబడటం ఎప్పుడూ చూడలేదు. ఏ దర్జీ కొలిచాడు దానికి? ఆరో రోజు చూసేసరికి ఒళ్ళు జలదరించింది. నిజం చెబుతున్నాను, నవ్వకు.

నా నిర్ణయం దీంతో పాటు ఉన్న బ్రౌన్ పేపర్లో ఉంది. మాటల్లో చెబితే నువ్వు వాదిస్తావు. మీ నాన్న పోలిక. కటింగ్ మాస్టరు కారణాలు చెప్పదు, కాగితం ఇస్తుంది.

నీ గీతల మీద పళ్ళ చక్రం దొర్లించి ఈ కాగితం మీదికి దించాను, ఆపైన సుద్దతో గీశాను. కోయలేదు. కత్తెర ముట్టనని చెప్పాను కదా. చుక్కల వెంబడి నువ్వే కోసి చెట్టు వెనక నిలబెట్టు. కాగితంలో చెయ్యి ఉన్న వైపు ఉంచు, లేని వైపు తీసెయ్యి. తీశాక మళ్ళీ నీడ గీసి పంపు.

ఇది సరిగ్గా కుదిరితే ఓనరమ్మకి ఏం చెప్పాలో కూడా ఆలోచిస్తాను. ఇది నీతో అన్నానని మీ నాన్నకి చెప్పకు.

నీ మేనత్త

మార్చి 6

కత్తెరత్తా,

అయిపోయింది. నిన్న సెలవు పెట్టి, కాగితం చెట్టు వెనక నిలబెట్టి, నువ్వు గీసినట్టే తీశాను. కోసేముందు గంటసేపు కూర్చున్నాను. కొమ్మలు కోసే కత్తెర నోరు తెరిచి పెట్టాక కాగితం వైపు ఇంకోసారి చూసి నొక్కాను. టక్కుమంది. అంతే. నలభై ఏళ్ళు పెరిగింది ఒక్క చప్పుడుతో నా అరచేతిలోకి వచ్చింది. కోసిన చోట చెక్క తెల్లగా, తడిగా ఉంది. వాసన పచ్చి దోసకాయ లాగుంది. మందు రాసి మూశాను. తర్వాత టీ రెండుసార్లు పెట్టుకున్నాను.

నీ కాగితం అద్భుతంగా ఉందత్తా. పై భాగం దగ్గర కొద్దిగా సరిగ్గా కూర్చోలేదు గానీ పర్లేదు, అది నేనే సర్దుకున్నాను. నువ్వేం పట్టించుకోకు. ఇంత చక్కగా గీశావంటే ఇంక నువ్వు బల్ల దగ్గరికి వెళ్ళాల్సిందే.

కొత్త నీడ పంపిస్తున్నాను.

నీ పిడుగు

మార్చి 14

పిడుగుకి,

కొత్త నీడని పాత నీడ మీద పరిచాను. నేను ఉంచమన్న చెయ్యి పోయింది. తీయమన్నది ఉంది.

మొదట నిన్నే తిట్టుకున్నాను. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నేను గీసినట్టే కోశానన్నావు. నువ్వు అబద్ధం చెప్పవు. అంటే నేనే కుడి ఎడమలు తారుమారు చేసి గీశాను. ఎనిమిది రోజులు చూసి, చివరికి తిరగేసి గీశాను. చెట్టు తల ఎడమకి ఒరిగి ఉంది కాబట్టి కుడి చెయ్యి ఉంచాలి, అప్పుడే నిలకడ. అదే నా లెక్క. ఇప్పుడు తలా చెయ్యీ ఒకే వైపు. నలభై రెండేళ్ళ ప్రాణిని పాడుచేశాను.

దానికంటే ఎక్కువ బాధ ఇంకోటి. పై భాగం కూర్చోలేదని నువ్వు చూశావు. చూసి నాకు రాయలేదు, అడగలేదు, సర్దుకున్నావు. ఆ మాట నీ నోటి నుంచి కూడా వచ్చింది. నా మీద జాలిపడ్డావు.

నెలాఖరున ఓనరమ్మకి రానని చెప్పేస్తాను. నువ్వు మళ్ళీ అడగొద్దు. చెట్టుకి నీళ్ళు సరిగ్గా పొయ్యి.

అత్త

మార్చి 20

అత్తా,

ఈ ఉత్తరం చదివేదాకా ఓనరమ్మకి ఏమీ చెప్పకు. నా మీద ఒట్టు.

నీ ఉత్తరం వచ్చిన రోజు డ్యూటీలో తల ఎత్తలేకపోయాను. మర్నాడు కొత్తగా చేరిన డాక్టరు ఒక ఫిల్మ్ లైటు మీద పెట్టి, విరిగిన చెయ్యి ఏదో తేల్చుకోలేక తల గోక్కుంటున్నాడు. నేను విసుక్కున్నాను. "మూల గుర్తు చూడండి సార్. తిరగేసి పెట్టారు" అన్నాను. ఏ వైపు ఏదో తెలియడానికి ప్రతి ఫిల్మ్ మీదా సీసపు గుర్తు పెట్టి తీస్తాం. తొమ్మిదేళ్ళలో గుర్తు పెట్టకుండా ఒక్కటి కూడా తీయలేదు. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నువ్వు కనిపించావు. ఆరేళ్ళప్పుడు నా గౌను గుడ్డ మీద నేను సుద్దతో గీతలు గీస్తే నా చెయ్యి మీద ఒకటి వేసి అన్నావు చూడు, "సుద్ద ఎప్పుడూ గుడ్డకి లోపలి వైపే. పైకి కనపడకూడదు" అని.

ఇంటికి పరుగెత్తాను. నేను సుద్ద గీతలు నా వైపు ఉండేలా నిలబెట్టానత్తా, అందుకే కుడి ఎడమైపోయింది. తీసి తిరగేశాను. సుద్ద చెట్టు వైపు, ఉత్త కాగితం నా వైపు. తల అతికినట్టు కూర్చుంది. భుజం కూర్చుంది. వేళ్ళ దగ్గర వంపు కూడా కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు. నువ్వు ముప్పై ఏళ్ళుగా చేస్తున్నట్టే చేశావు. నీ కన్ను తప్పు చెయ్యలేదు. నేను చేశాను.

ఇంకోటి కూడా రాయాలి, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పైన కాగితం కూర్చోనప్పుడు నాకు ఒక్క క్షణం కూడా నేను తప్పు పెట్టానేమో అనిపించలేదు. పాపం అత్త కన్ను అనుకున్నాను. నిన్ను బల్ల దగ్గరికి వెళ్ళమని పోరుతున్న నేనే నీ కాగితాన్ని నమ్మలేదు. నీ చెయ్యి ఎలాంటిదో ఈ ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినదాన్ని. సిగ్గుగా ఉంది.

ఇంక చెట్టు సంగతి. పాడైపోయిందని ఏడుస్తూ నీళ్ళు పోయబోయాను. కోసిన చోటికి కింద, ఉత్త బెరడులోంచి, ఆకు జాడ కూడా లేని చోట, ఆవగింజలంత ఎర్రటి చుక్కలు. పదకొండు లెక్కపెట్టాను. పొద్దున మళ్ళీ లెక్కపెడితే పద్నాలుగు. నర్సరీకి పరుగెత్తి అడిగాను. "ఎల్మ్ అంతేనమ్మా. కోసిన చోటల్లా లోపల దాచుకున్న మొగ్గలు లేస్తయ్. ఇన్నేళ్ళు అక్కడే ఉన్నయ్, నీకు కనపళ్ళేదంతే" అన్నాడాయన, చేతిలో మట్టి దులుపుకుంటూ. లోపలిది చూడటమే నా ఉద్యోగం అత్తా. నలభై రెండేళ్ళుగా ఆ చెక్కలో అవి ఉన్నాయి. ఏ ఫిల్మ్ మీదా కనిపించేవి కావు.

చెట్టుని ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలియదు. నువ్వు చెప్పు.

నీ పిడుగు

మార్చి 28

ఏమే పిడుగా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి ఏడ్చాను. రెండు కళ్ళూ ఏడ్చాయి. పోయిన కన్ను కూడా ఏడుస్తుందని ఇప్పుడే తెలిసింది.

తప్పు నీ ఒక్కదానిదే కాదు. సుద్ద లోపలికని నేను రాయలేదు. గాలి పీల్చమని రాస్తామా? నాకు అది అలాంటిది. నువ్వూ నీ గీత మీద గుర్తు పెట్టలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, అదీ నాకు పంపిన దాని మీదే. ఇద్దరికీ సరిపోయింది.

ఇప్పుడు విను. నీ కొత్త నీడ గోడకి గుచ్చి ఉంది కదా. సుద్ద మాట చదివాక లేచి వెళ్ళి దాన్ని తిరగేసి గుచ్చాను, పల్చటి కాగితంలోంచి గీతలు కనపడ్డాయి. తిరగేస్తే ఏమవుతుంది? చెట్టుని వెనక నుంచి చూసినట్టవుతుంది. చూశాను. కుర్చీ లాక్కుని మళ్ళీ చూశాను. చెయ్యీ తలా రెండూ కుడికే, కిటికీ వెలుతురు కోసం ఒరిగినట్టు ఉన్నాయి. ఎదటి నుంచి చూస్తే పడిపోతున్నట్టున్న చెట్టు వెనక నుంచి చూస్తే ఎక్కడికో బయల్దేరినట్టుంది. నీ కొత్త మొగ్గలు ఎడమ పక్కకి వస్తాయి. వాటిలో ఒక్కటి ఉంచి పెంచితే బరువు సరిపోతుంది.

మరి మచ్చో అంటావు. మచ్చ ముందుకి వస్తుంది. రానియ్యి. ముప్పై ఏళ్ళు అతుకులన్నీ లోపలికి దాచాను, కనపడితే పరువు పోతుందని. నరికిన చోట ముప్పై ఏళ్ళకి పైగా తన అంచు తానే మడిచి కుట్టుకుంటున్న దాన్ని గోడకి తిప్పి పెట్టడం ఏం మర్యాద? ఇంత ఓపికైన కుట్టు నేను ఎప్పుడూ వేయలేదు. కుండీ తిప్పెయ్యి. వెనకే ముందు.

ఓనరమ్మ దగ్గరికి వెళ్ళి ఏప్రిల్ పదిహేను దాకా గడువు అడిగాను. సరేనంది. మొహంలో నవ్వు దాచుకుంది గానీ నాకు కనపడింది, ఒంటికన్నుతోనే.

దీంతో పాటు కొత్త కాగితం ఉంది. ఈసారి నేనే కోశాను. ట్రంకుపెట్టెలోంచి కత్తెర తీసి, నూనె రాసి, మూడు పాత దుప్పట్లు పాడుచేశాక ఒక పద్ధతి దొరికింది. ఎడమ చూపుడువేలు గీత మీద ముందు నడుస్తుంది, వెనకాలే కత్తెర. లోతు కంటికి అందకపోయినా వేలికి అందుతుంది. నీ వైపు ఉండాల్సిన పక్కన ఎర్ర దారంతో ఒక కుట్టు వేశాను. అదే మన సీసపు గుర్తు.

చెట్టు వెనక పెట్టి చూడు. ఎక్కడ తప్పిందో ఉన్నది ఉన్నట్టు రాయి. జాలి కలిపావో, ఇంక నీకు జన్మలో గౌను కుట్టను. నువ్వు రాసిన దాన్ని బట్టే ఓనరమ్మకి జవాబు చెబుతాను.

నీ మేనత్త

ఏప్రిల్ 6

కత్తెరత్తా,

కుండీ తిప్పాను. రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, పడుకున్న పసిబిడ్డని ఒత్తిగిల్లించినట్టు.

ఇన్ని వారాలు గోడ చూసిన వైపు ఇప్పుడు నన్ను చూస్తోంది. పొద్దుటి ఎండ కిటికీలోంచి వచ్చి తిన్నగా మచ్చలో పడింది. గుంట లోపల చెక్క బూడిదరంగులో, పొరలు పొరలుగా మెరిసింది. చుట్టూ మడత మీద, సరిగ్గా అంచున, ఒక మొగ్గ విచ్చి మూడు ఆకులయ్యాయి. చిటికెన వేలి గోరంత ఉన్నాయి, అంచుకి రంపపు పళ్ళు కూడా ఉన్నాయి. అంత చిన్న ఆకుకి అన్ని పళ్ళు ఎవరు కోశారో. డ్యూటీకి అరగంట ఆలస్యమయ్యాను.

తర్వాత ఎర్ర కుట్టు నా వైపు పెట్టి నీ కాగితం నిలబెట్టాను. నువ్వు అడిగావు కాబట్టి భూతద్దం పట్టుకుని మొదలు నుంచి కొస దాకా వెళ్ళాను, రెండు సెలవు రోజులు, రెండుసార్లు. చెయ్యి మొదలైన చోట, చంక వంపులో, కోత గీత దాటి లోపలికి పోయింది. బియ్యపు గింజంత. రెండుసార్లూ కనిపించింది. అది తప్పే, నేను సర్దుకోవడం లేదు.

ఇంకెక్కడా లేదు.

నీ పిడుగు